వైరుకి కట్టిన గరిటె

నాకు కోపం వస్తే మెట్లెక్కుతాను. లిఫ్టులు బాగుచేసే మనిషి మెట్లెక్కడమేంటని మావాళ్లు నవ్వుతారు. నవ్వనీ. లిఫ్టులో వెళ్తే కోపం కూడా నాతోపాటు హాయిగా పైకొస్తుంది. మెట్లమీదైతే ఐదో అంతస్తుకల్లా దానికి ఆయాసమొచ్చి సగంలో ఆగిపోతుంది. ఆ సోమవారం మాత్రం తొమ్మిది అంతస్తులెక్కినా తగ్గలేదు. ఎందుకంటే ఆ రోజు నా కోపం నామీదే.

సంగతేమిటంటే, మా పెద్దమేస్త్రిగారు నెలాఖరుకి పని మానేస్తున్నారు. పదకొండేళ్ల కిందట నా చేతికి మొదటి స్పానర్ ఇచ్చింది ఆయనే. ఆ పొద్దున ఆఫీసులో అందరం టీ తాగుతుంటే, బయట ఎండగా ఉందని చెప్పినంత తేలిగ్గా చెప్పేశారు.

"కొత్త ఆస్పత్రి పని మనకొచ్చింది. ఆరు లిఫ్టులు, నలుగురు మనుషులు. వాళ్లందరిమీదా బాధ్యత నీదేనమ్మా."

ఆయన చూపు నామీదే ఉంది. టీ గ్లాసులన్నీ ఎక్కడివక్కడ ఆగిపోయాయి.

"అక్కా, నువ్వా?" అన్నాడు రేడియో.

రేడియో పనిలో నాకంటే ఏడాది చిన్న. నిద్రలో తప్ప నోరు మూయడు గనక ఆ పేరు. చెయ్యి చురుకు, నోరు అంతకంటే చురుకు. ఆగిపోయిన లిఫ్టు ముందు నిలబడి వాడు మాట్లాడుతుంటే, బిల్డింగువాళ్లకి లిఫ్టు బాగైపోయినట్టే ఉంటుంది. నాకూ ఒక పేరుంది. ఏ పని పూర్తయినా "ఆగండి, రెండోసారి చూద్దాం" అంటానని నన్ను 'రెండోసారి' అంటారు. వాడి మాటలో విషం లేదు, ఉత్త ఆశ్చర్యమే. విషముంటే బాగుండేది, నాలుగు దులిపి ఊరుకునేదాన్ని.

"నావల్ల కాదు మేస్త్రిగారూ," అన్నాను.

"ఎందుకు కాదు?"

"కాదంతే."

"నోటితో చెప్తే నాకు వినబడదు. కారణం కాగితంమీద రాసి శుక్రవారం ఇవ్వు. సబబుగా ఉంటే పని రేడియోకి ఇస్తాను. లేకపోతే నోరు మూసుకుని నువ్వే చెయ్యి."

నేను గ్లాసు కింద పెట్టి మెట్లవైపు నడిచాను.

దాపరికమెందుకు, ఆ పని నాకు కావాలి. ఆయన నోట ఆ మాట రాగానే నా గుండె ఎగిరి గంతేసింది కూడా. మరుక్షణమే లోపలినుంచి ఇంకో గొంతు లేచింది, అదీ రేడియో మాటే అడిగింది: నువ్వా? మామూలు బిల్డింగులో లిఫ్టు ఆగితే జనం విసుక్కుంటారు. ఆస్పత్రిలో లిఫ్టు ఆగితే స్ట్రెచరుమీద ఒక మనిషి ఉంటాడు. అక్కడికి తప్పులు చేయనివాళ్లు వెళ్లాలి. నేను చేస్తాను, చేశాను. నా దగ్గర ఏడు పుస్తకాల రుజువుంది.

ఆ పుస్తకాల అలవాటు కూడా మేస్త్రిగారు పెట్టిందే. చేరిన మొదటి వారంలోనే ఒక గీతల పుస్తకం చేతిలో పెట్టి, "తప్పు చేసిన రోజే రాయి. మూడంటే మూడు లైన్లు. ఏం తప్పు చేశావు, ఎందుకు చేశావు, రేపట్నుంచి ఏం చేస్తావు. నాలుగో లైను రాశావంటే అది ఏడుపు," అన్నారు. అప్పట్నుంచి రాస్తూనే ఉన్నాను. ఒక పుస్తకం నిండితే ఇంకోటి. మనసు బాగోని రోజు ఏదో ఒకటి తెరిచి నాలుగు పేజీలు చదువుకుని, చదివినందుకు ఇంకా కుంగిపోయి, మూసి పెట్టేదాన్ని.

అన్నిటికంటే పెద్ద తప్పు రెండో ఏడాది చేశాను. లిఫ్టు తలుపు పూర్తిగా మూసుకుంటేనే లిఫ్టు కదలాలి. అది కాపలా. పరీక్ష చేసేటప్పుడు, పైన యంత్రాల గదిలో కరెంటు పెట్టె తెరిచి, జానెడు వైరు ముక్క తగిలించి ఆ కాపలాని కాసేపు పక్కకి తప్పిస్తాం. మా జట్టులో దాన్ని దొంగవైరు అంటాం. పనవగానే పీకేయాలి. నేను పీకలేదు. పెట్టె మూసి, తాళం వేసి, కూనిరాగం తీస్తూ కిందికి దిగాను. గంటసేపు ఆ లిఫ్టు తలుపు తెరిచి ఉన్నా కదిలే స్థితిలో ఉంది. మేస్త్రిగారు వేరే పనిమీద పైకెళ్లి చూడబట్టి సరిపోయింది. ఎవరికీ ఏమీ కాలేదు. కానీ ఆ గంటలో ఎవరైనా కాలు పెట్టి ఉంటే అన్న ఆలోచన తొమ్మిదేళ్లుగా నాతో కాపురం చేస్తోంది.

ఆ మర్నాడు నా దొంగవైరుకి ఒక స్టీలు గరిటె కట్టాను. కరెంటు పెట్టెలో స్టీలేంటని మేస్త్రిగారు బిల్డింగు అదిరేలా అరిచారు. అది ఇంకో తప్పు, అదీ రాసుకున్నాను. ఆ తర్వాత చెక్క గరిటె కట్టాను. వైరుని కాడకి చుట్టి, గరిటెని పెట్టె గడపకి అడ్డంగా పెడతాను. వైరు పీకితే తప్ప గరిటె రాదు, గరిటె తీస్తే తప్ప తలుపు మూతపడదు. మొదట్లో "వంటకొచ్చావా అక్కా?" అని అందరూ నవ్వారు. ఏడాది తిరిగేసరికి అందరి సంచుల్లోనూ ఒక గరిటె ఉంది. విరిగితే "అక్కా, గరిటె" అంటూ నా దగ్గరికే వస్తారు. నేను మా వంటింట్లోంచి ఇంకోటి తెచ్చి ఇస్తాను. అయినా ఆ గరిటెని చూస్తే నాకు చిన్నతనంగానే ఉండేది. మిగతావాళ్లు నన్ను చూసి సరదాకి పెట్టుకున్నారు, నేను మాత్రం బుర్ర లేక పెట్టుకున్నానని అనుకునేదాన్ని.

మంగళవారం సాయంత్రం భోజనాల బల్లమీద ఏడు పుస్తకాలూ పేర్చి, ముందొక తెల్లకాగితం పెట్టుకుని కూర్చున్నాను. వంటింట్లో మా అత్తయ్య సొరుగులు లాగుతోంది. ఆవిడ నలభై ఏళ్లు లాండ్రీలో ఇస్త్రీ చేసిన మనిషి. ముడత కనబడితే ఊరుకోదు, గుడ్డలోనైనా మనిషిలోనైనా.

"ఈ ఇంట్లో చెక్క గరిటెలకి కాళ్లొస్తాయే అమ్మాయ్. పోయిన నెల మూడు కొన్నాను. ఇప్పుడు ఒక్కటే కనబడుతోంది. నా సుపుత్రుడే ఎక్కడో పారేస్తున్నాడు, రానీ చెప్తాను వాడి పని."

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, నేను పుస్తకాలు దగ్గరికి లాక్కున్నాను. అత్తయ్య బఠాణీల గిన్నె తెచ్చుకుని నా ఎదురుగా కూర్చుని ఒలవడం మొదలుపెట్టింది.

"ఏంటా రాత? పరీక్షా?"

"నా తప్పులు అత్తయ్యా. పదకొండేళ్లవి. ఈ పని నాకెందుకు వద్దో మేస్త్రిగారికి రాసివ్వాలి."

"అబ్బో. పైకి చదువు, నాకూ కాస్త కాలక్షేపం."

కాలక్షేపమట! ఒళ్లు మండింది. సరే, విను అనుకుని చదివాను.

"లిఫ్టు గోతిలో టార్చిలైటు మర్చిపోయి వచ్చేశాను."

"తర్వాత?"

"తర్వాతేముంది, తప్పు. ఇంకోటి వినండి. తలుపు పట్టీ చప్పుడుని మోటారు చప్పుడనుకుని, బాగున్న మోటారుని రెండు గంటలు విప్పాను."

"తర్వాత ఏం చేశావు?"

"అత్తయ్యా, ఇది సీరియల్ కాదు."

"మరి సగం చెప్పి ఊరుకుంటే ఎలా? ఆ కింద ఇంకా రాసుంది కదే, నాకిక్కడికి కనబడుతోంది."

పళ్లు కొరుక్కుంటూ కిందిది చదివాను. "ముందు చెవి, తర్వాత చెయ్యి. మూడుసార్లు ఎక్కి దిగి, చప్పుడు ఎక్కడ మొదలవుతుందో విన్నాకే పెట్టె తెరవాలి."

"ఆఁ. అదీ," అంది అత్తయ్య, ఇంకో బఠాణీకాయ అందుకుంటూ.

పేజీ తిప్పాను. దొంగవైరు తప్పు వచ్చింది. ఎప్పటిలాగే మొదటి లైను చదివి ఆగిపోయాను. అత్తయ్య చేతులు కూడా ఆగాయి.

"అమ్మో. తర్వాత?"

కిందికి చూశాను. మూడో లైనులో నా అక్షరాలతో ఇలా ఉంది: 'అత్తయ్య వంటింట్లోంచి గరిటె తీసుకెళ్లి వైరుకి కట్టాలి.'

"తర్వాత... ఏం లేదు," అన్నాను.

"లేదా? అంత పెద్ద తప్పు చేసి ఊరికే ఉన్నావా? నువ్వు?"

"అక్షరాలు చెరిగిపోయాయి అత్తయ్యా."

ఆవిడ నన్నొకసారి, పుస్తకాన్నొకసారి చూసి గిన్నె పట్టుకుని లోపలికెళ్లింది. నేను ఆ పేజీముందు అలాగే ఉండిపోయాను. గరిటెల దొంగతనం బయటపడుతుందని ఇవాళ ఆ లైను దాటేశాను, బాగానే ఉంది. మరి ఇన్నాళ్లూ ఎవరికి భయపడి దాటేశాను? ఎన్నిసార్లు ఈ పుస్తకాలు తెరవలేదు! తెరిచిన ప్రతిసారీ మొదటి లైను చదివి, ఏడుపుమొహం పెట్టి, పేజీ తిప్పేశాను. రాసింది నేనే, చదవంది నేనే.

అప్పుడు మొదటి పుస్తకం తీసి, మూడో లైన్లు మాత్రమే చదవడం మొదలుపెట్టాను.

'గోతిలోకి దిగేముందు చేతిలో ఏమున్నాయో పైకి చెప్పుకోవాలి, ఎక్కాక మళ్లీ చెప్పుకోవాలి.' 'లోపల చిక్కుకున్నవాళ్లకి ఐదు నిమిషాలు, పది నిమిషాలు అని చెప్పకూడదు. తలుపు దగ్గర నిలబడి, మన గొంతు వాళ్లకి వినబడుతూ ఉండాలి.' 'ఇద్దరు పనిచేసే చోట ఒకరి మాట రెండోవాళ్లు తిరిగి చెప్పాకే స్విచ్చి వేయాలి.' పుస్తకం తర్వాత పుస్తకం ఇలాగే ఉంది. నాలుగో పుస్తకానికొచ్చేసరికి వెన్ను నిటారుగా పెట్టి చదువుతున్నాను. పని బాగా తెలిసిన మనిషెవరో కొత్తవాళ్లకోసం రాసిపెట్టినట్టుంది. ఆ మనిషి కింద పనిచేయమంటే నేను కళ్లు మూసుకుని చేస్తాను. అక్షరాలు చూస్తే నావే. ఒక్కదాన్నే కూర్చుని పకపకా నవ్వాను. లోపల్నుంచి అత్తయ్య "చెరిగిపోయినవి కనబడ్డాయేంటి?" అని అరిచింది.

కానీ నా పేరు ఊరికే రాలేదు. బుధవారం పొద్దునకి మళ్లీ అనుమానం. రాయడానికేం, ఎవరైనా రాస్తారు. చేసినట్టు గుర్తేది? రెండోసారి చూడాలి. మధ్యాహ్నం అందరూ భోజనాలకెళ్తే, ఆఫీసు అలమరలోంచి పాత రిజిస్టర్లు కిందికి దించాను. మా జట్టులో ఏ లిఫ్టులో ఎవరివల్ల ఏ పొరపాటు జరిగినా అందులో రాసి సంతకం పెట్టాలి. దుమ్ముకి తుమ్ముతూ, దొంగవైరు మాట ఎక్కడెక్కడుందో వెతికాను.

గరిటె రాకముందు మూడేళ్లలో నాలుగుసార్లుంది. ఒకటి నాది. ఒకటి రేడియోది, వాడు చేరిన మొదటి నెలలో. ఒకటి ఎప్పుడో పని మానేసిన ఒకాయనది. నాలుగోది నేను చేరడానికి ఏడాది ముందుది. 'దొంగవైరు తీయడం మరిచిపోయాను' అన్న ఒక్క ముక్క, కింద పెద్దమేస్త్రిగారి సంతకం.

గరిటె వచ్చాక తొమ్మిదేళ్లలో ఒక్కటి కూడా లేదు. నాదే కాదు, ఎవరిదీ లేదు. ఆ తొమ్మిది రిజిస్టర్లూ రెండోసారి చూశాను, మూడోసారి కూడా చూశాను.

ముందు ఏడుపొచ్చింది. వెంటనే కోపమొచ్చింది, అదీ మేస్త్రిగారిమీద. ఆయనా మర్చిపోయి, నాకు ఒక్క మాట చెప్పకుండా, తొమ్మిదేళ్లు నన్నిలా ఉడకనిస్తారా? లేచి మెట్లెక్కాను. ఐదో అంతస్తు దగ్గర కోపం ఆగిపోయింది, నేను మాత్రం తొమ్మిదో అంతస్తుదాకా వెళ్లాను. గురువారం ఆ తెల్లకాగితం మీద రాయాల్సింది రాసి, మడిచి జేబులో పెట్టుకున్నాను. రాయడానికి రెండు నిమిషాలు పట్టలేదు.

శుక్రవారం అందరం ఆస్పత్రికి వెళ్లాం. పని మొదలెట్టేముందు ఆరు లిఫ్టులూ తనిఖీ చేయడానికి ఒక సేఫ్టీ అధికారి వచ్చింది. నెత్తిన హెల్మెట్, చేతిలో అట్ట, మొహంలో నవ్వన్నది లేదు. ఐదు లిఫ్టులు సజావుగా అయిపోయాయి. ఆరోదాని యంత్రాల గదిలో రేడియో పరీక్ష చేస్తూ, తన బావమరిది కారు కొన్న కథ చెబుతున్నాడు. కథ రసపట్టులో ఉండగా పరీక్ష పూర్తయింది. వాడు మాట ఆపకుండానే పెట్టె తలుపు మూయబోయాడు.

టక్.

తలుపు గరిటెకి తగిలి ఆగింది. "అబ్బబ్బ, ఈ గరిటొకటి," అని గొణిగి, వాడు వైరు పీకి, గరిటె సంచిలో పడేసి, తలుపు మూసి, బావమరిది దగ్గరికి తిరిగెళ్లిపోయాడు. ఏం తప్పిపోయిందో వాడికి తెలియను కూడా తెలియలేదు. నాకు మాత్రం తెలిసింది. ఈ తొమ్మిదేళ్లలో ఎన్ని గదుల్లో ఎన్నిసార్లు ఆ చప్పుడయి ఉంటుంది! ఎంతమంది గరిటెని తిట్టుకుని వైరు పీకి ఉంటారు! ఏ రిజిస్టరులో రాస్తారు దాన్ని?

"ఒక్క నిమిషం," అంది అధికారి. "ఏంటది? గరిటా?"

"మా పనిలో తాతలనాటి ఆచారం మేడమ్," అన్నాడు రేడియో తడుముకోకుండా.

"తాతలెవరూ కాదు," అన్నాను. "నేను."

గదిలో అందరూ నావైపు తిరిగారు.

"తొమ్మిదేళ్ల కిందట నేను ఆ వైరు తీయడం మర్చిపోయాను మేడమ్. గంటసేపు లిఫ్టు అలాగే ఉంది. మర్నాడు దానికి గరిటె కట్టాను. ఆ తర్వాత మా జట్టులో ఎవరూ వైరు మర్చిపోలేదు. కావాలంటే రిజిస్టర్లు చూపిస్తాను."

"అక్కా... నువ్వా?" అన్నాడు రేడియో.

అదే మాట. సోమవారం అన్నదే. కానీ ఈసారి వాడు సంచిలోంచి గరిటె తీసి రెండు చేతులా పట్టుకుని చూస్తున్నాడు. మొహంలో నెత్తురు లేదు. అంటే అర్థమైందన్నమాట.

అధికారి అట్టమీద ఏదో రాసుకుంది. "సరే. ఇక్కడ ఈ ఆరు లిఫ్టుల బాధ్యత ఎవరిది? పేరు రాసుకోవాలి."

పెద్దమేస్త్రిగారు పైకప్పు వంక చూస్తున్నారు, అక్కడేదో అద్భుతం ఉన్నట్టు.

"నాది," అన్నాను.

నోరు జారి అనలేదు. అనేముందు ఆలోచించుకున్నాను. రెండోసారి కూడా ఆలోచించుకున్నాను. అదే మాట వచ్చింది.

అధికారి వెళ్లిపోయాక మేస్త్రిగారు చెయ్యి చాచారు. "నా కాగితమేది?"

ఇచ్చాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని గోడకి ఆనుకుని చదివారు. అందులో మూడే లైన్లున్నాయి.

'తప్పు: పదకొండేళ్లు నా పుస్తకాల్లో మొదటి లైను మాత్రమే చదివాను. ఎందుకు: తప్పు ఒప్పుకుంటే చాలు, మంచిదాన్ననిపించుకుంటాననుకున్నాను, దాన్ని దిద్దుకున్నానని ఒప్పుకోవడానికి ధైర్యం చాలలేదు. రేపట్నుంచి: సోమవారం పొద్దున ఆరింటికి నలుగురూ ఆస్పత్రి దగ్గర ఉండాలి, గరిటెలన్నీ నేనే చూస్తాను.'

"నాలుగో లైను లేదే," అన్నారాయన.

"లేదు. కానీ నోటితో ఒకటడుగుతాను. మీరూ మర్చిపోయారని నాకెందుకు చెప్పలేదు? రిజిస్టరు చూశాను."

ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు.

"సిగ్గేసి," అన్నారు. "నేను మర్చిపోయాక ఏం చేశానో తెలుసా? ఆర్నెల్లు నిద్రపట్టక దొర్లాను. అంతే. ఇంకేం చేయలేదు. నువ్వు మర్నాడే గరిటె పట్టుకొచ్చావు. అరిచానే గానీ, ఆ రోజే అనుకున్నాను, నా తర్వాత ఈమే అని."

నేను మెట్లవైపు తిరిగాను. "కోపమా?" అని అడిగారు వెనకనుంచి. కాదన్నాను. వెళ్లి లిఫ్టెక్కాను.

ఇంటికెళ్లేసరికి అత్తయ్య వంటింట్లోనే ఉంది. చెప్పులు విప్పకుండానే గుమ్మంలో నిలబడి, పని నాకే వచ్చిందని చెప్పాను. ఆ ఊపులోనే గరిటెల సంగతి కూడా చెప్పేశాను, మొదటి గరిటె నుంచి పోయిన నెల రెండింటిదాకా. ఆవిడ పొయ్యి తగ్గించి నావైపు తిరిగింది.

"ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడని ఊరికే అన్నారా! తొమ్మిదేళ్లుగా నా కొడుకుని తిట్టిపోస్తున్నానే! వాడు ఒక్కసారైనా నోరు మెదిపాడా?"

"ఆయనకి తెలుసు అత్తయ్యా."

"ఆఁ? ఇద్దరూ కలిసే నన్ను వెర్రిదాన్ని చేశారన్నమాట!"

నేను తలొంచుకుని నిలబడ్డాను. ఆవిడ పొయ్యిమీదున్న గరిటె తీసి, అటూ ఇటూ తిప్పి చూసింది. దాంతో నన్నొకటి వేస్తుందేమోననే అనుకున్నాను.

"ఈ గరిటె ఉంటే ఆ లిఫ్టు ఎవరిమీదికీ రాదా?"

"రాదు అత్తయ్యా."

"తొమ్మిదేళ్లలో ఒక్కసారి కూడా?"

"ఒక్కసారి కూడా రాలేదు."

ఆవిడ కొంగుతో ముక్కు తుడుచుకుని, స్టూలు లాక్కుని ఎక్కి, పైఅలమరలో డబ్బాల వెనక చెయ్యి పెట్టింది. ఒక గుడ్డమూట బయటికొచ్చింది. విప్పితే అందులో ఐదు చెక్క గరిటెలు, కొత్తవి, కాగితం కూడా తీయనివి.

"మీకు కనబడకుండా దాచుకున్నాను," అంది. "నీ కింద ఎంతమందన్నావ్?"

"నలుగురు."

నాలుగు లెక్కపెట్టి నా చేతిలో పెట్టింది. ఐదోది తనదగ్గరే అట్టిపెట్టుకుని స్టూలు దిగబోయి, మళ్లీ ఆగింది.

"మరి నీకో?" అంటూ అది కూడా ఇచ్చేసింది.